నీసు చెయ్యి

నిన్న ఆదివారం పొద్దున అత్వెల్లి మూలమీద ఆమె కూర్చునే చోట ఇంకొకామె కూర్చుని ఉంది. అదే అల్యూమినియం బేసిను, అదే కత్తిపీట, బోర్లించిన అదే పెయింటు డబ్బా. మనిషి మాత్రం వేరు. కిందటి ఆదివారం ఆ చోటు ఖాళీగా ఉంటే, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. పాలప్యాకెట్టు కోసం వెళ్లి వస్తూ ఆ మూల దగ్గర రెండు నిమిషాలు ఆగడం నాకు ఏడాదిగా అలవాటు. ఆగి, "పెద్దామె రాలేదా?" అని అడిగాను.

పొలుసు గీకుతున్న చెయ్యి ఆపకుండానే ఆమె చెప్పింది. "మా అత్త పోయింది మేడమ్. పదొద్దులు దాటింది. పొద్దుగాల చాయ తాగుకుంట కూసున్నది, కూసున్నకాడనే ఒరిగింది."

పది రోజులు! నాకు ఏడుపు రావలసిన చోట ముందు కోపం వస్తుంది. అది నా పుట్టుబుద్ధి. "పదొద్దులాయె, నాకు జెప్పాలని గూడ లేదా మీకు?" అని ఆ కోడలి మీద కసిరాను. ఆమె తలెత్తి నన్ను కిందికీ పైకీ చూసింది. "మీరెవరో నాకేం ఎరుక మేడమ్?" అంది. నిజమే కదా. ఆమెకు నేనేమవుతాను? పాలప్యాకెట్టు పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

చనిపోయినామె పేరు నాకు తెలియదు. మా వీధిలో ఎవరికీ తెలియదు. కొందరు శామీర్‌పేట అవ్వ అనేవాళ్లు, కొందరు చేపలామె అనేవాళ్లు. బుధవారం, ఆదివారం శామీర్‌పేట నుంచి ఆటోలో వచ్చి మా వీధి మొదట్లో దిగేది. అరవై దాటిన మనిషి, పొట్టి. గోచీ పోసి కట్టిన చీర, మోచేతుల దాకా పచ్చబొట్లు. గొంతు మాత్రం మనిషికి మూడింతలు. ఆటో ఇంకా ఆగకముందే "శాపలో!" అని ఒక్క కేక పెడితే వీధి చివర నిద్రపోతున్న పిల్లులు కూడా లేచి ఒళ్లు విరుచుకునేవి.

చేపలు తాజావేనా అని ఎవరైనా అడిగితే నోటితో జవాబు చెప్పేది కాదు. బొటనవేలితో మొప్ప ఎత్తి, ఆ ఎర్రదనాన్ని అడిగినవాళ్ల ముక్కుకు ఆనించినంత పని చేసేది. గీచిగీచి బేరమాడితే బేసిను మీద తడి గోనెసంచి కప్పేసి ఆకాశం వంక చూస్తూ కూర్చునేది. వాళ్లు దిగివచ్చేదాకా ఆ సంచి లేచేది కాదు. ఏ ప్రశ్నకైనా ఆమె జవాబు ఇంకో ప్రశ్నే. "ముల్లు గొంతుల ఇరుకదు గద అవ్వా?" అంటే, "నీకు నమలరాదా?" అనేది.

పిల్లులన్నిటికీ ఆమె దగ్గర వాటాలుండేవి. తలలు ఒకదానికి, పేగులు ఇంకొకదానికి. ఒకదాని వాటాకు ఇంకొకటి ఎగబడితే తడిచేత్తో నెత్తిన ఒక్కటి వేసేది. నా పిల్లి బబ్లూకు వాటాతో పాటు బిరుదు కూడా ఉండేది. "దొర లేసిండా? దొరకు ఇగ ఆకలైందా?" అని పలకరించి పెద్ద తలకాయ అతని కోసమే తీసిపెట్టేది. నేను చేప తినను. మటన్ తింటాను, కోడి తింటాను, చేప వాసన మాత్రం పడదు. బబ్లూ కోసమే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లి ఎండు చేపలు తెచ్చేదాన్ని. నా అవస్థ చూసి ఆమె పకపకా నవ్వేది.

కిందటేడాది చలికాలంలో బబ్లూ మరీ ఎక్కువ నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. ఇసుక తొట్టి పొద్దునకల్లా ముద్దయ్యేది. మేడ్చల్‌లో పశువుల డాక్టరు, కుర్రవాడు, నెమ్మదైనవాడు, రక్తం తీసి పరీక్ష చేయించాడు. "కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి మేడమ్. తొలిదశలోనే దొరికింది, అదృష్టం. ఇక మందు కన్నా తిండే ముఖ్యం" అన్నాడు. చేపలు వద్దు, ఎండువి అసలే వద్దు, ఎముకలు వద్దు, ఉప్పు వద్దు. ఇలాంటి పిల్లుల కోసమే చేసిన తిండి డబ్బాల్లో వస్తుంది, అది పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ రెండు వారాల్లో మార్చండి అన్నాడు. చివర్లో వేలెత్తి ఇంకో మాట చెప్పాడు. "అసలేమీ తినకుండా మాత్రం రెండు రోజులు ఉండనివ్వొద్దు. పిల్లి ఉపవాసముంటే కాలేయం దెబ్బతింటుంది. అప్పుడు కిడ్నీల దాకా రాకముందే ప్రాణం పోతుంది."

నేను కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తాను. సీసా మీద చీటీ చదవనిదే నీళ్లు కూడా ముట్టని రకాన్ని. ఆ రెండు వారాల మాట నాకు రుచించలేదు. విషమని తెలిశాక కొద్దికొద్దిగా మానడమేమిటి? ఇంటికి రాగానే పాత తిండంతా చెత్తబండిలో వేసేశాను. ఆ వచ్చే బుధవారం చేపలామె దగ్గరికి వెళ్లాను.

"అవ్వా, ఇగ బబ్లూకు ఏం ఏయకు. కిడ్నీలు ఖరాబైనయి. డాక్టరు శాప ఒద్దన్నడు."

"పిల్లికి శాప ఒద్దన్నడా?"

"అన్నడు."

"రేపు బర్రెకు గడ్డి ఒద్దంటడా, అడిగినవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "నవ్వులాట గాదవ్వా. ఒద్దంటే ఒద్దు. ఏసినవంటే మంచిగుండదు, జెప్తున్న" అన్నాను. ఆమె తలకాయలు వేసే బకెట్టును వెనక్కి జరిపి దాని మీద ఒక చెక్క పెట్టింది. "సరే పో. నీ పిల్లి, నీ ఇష్టం" అంది.

బబ్లూ కొత్త తిండి ముందు కూర్చుని గిన్నెను చూడకుండా నన్ను చూసేవాడు. రెండు ముద్దలు తినేవాడు, లేచిపోయేవాడు. వారం తిరిగేసరికి వీపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక గుచ్చుకునేది. మా ఇంట్లో జ్వరపడి లేచినవాళ్లకు పాయ పట్టేవాళ్లు. మేకకాళ్లు పొద్దంతా సన్నటి సెగ మీద ఉడికించి, వేలికి అంటుకునేంత చిక్కగా. మా అమ్మ చేతి పాయ తాగి లేవని మనిషి లేడని మా బస్తీలో పేరు. నీరసపడిన ప్రాణానికి పాయ పట్టాలనేది నాకు ఉగ్గుపాలతో అబ్బింది. అది తిండి కింద నా లెక్కకే రాలేదు. కారం లేకుండా, చిటికెడు ఉప్పు, కమ్మదనానికి రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి కాచేదాన్ని. బబ్లూ గిన్నె తళతళలాడేలా నాకేవాడు. డాక్టరు నీళ్లు బాగా పట్టించమన్నాడు, ఇవీ నీళ్లే కదా అని మురిసిపోయాను.

నెల తర్వాత పరీక్ష చేయిస్తే అంకెలు తగ్గకపోగా పెరిగాయి. "బయట ఎక్కడైనా ఏమైనా తింటున్నాడా?" అని డాక్టరు అడిగాడు. ఆయన ప్రశ్న పూర్తి కాకముందే నాకు దొంగ దొరికింది.

ఆ బుధవారం కాలేజీకి సెలవు పెట్టి కాచుకుని కూర్చున్నాను. ఆమె వచ్చింది, జనం మూగారు. మా ఎదురింటామె, ఇద్దరు పిల్లల తల్లి, రవ్వ చేప కోయించుకుంటోంది. నేను అందరినీ తోసుకుని వెళ్లాను.

"నువ్వు నా పిల్లిని సంపుతున్నవ్! సాటుంగ ఎండుశాపలు బెడుతున్నవ్ గద? నీ శాపలల్ల ఏం కలుపుతున్నవో ఏమో, నా పిల్లి పానం మీదికొచ్చింది!"

రెండో మాట ఎందుకన్నానో నాకే తెలియదు. కోపంలో నోరు ఒక మెట్టు ఎక్కువే ఎక్కుతుంది. ఏ ప్రశ్నకైనా ఎదురు ప్రశ్న వేసే మనిషి ఆ రోజు ఏమీ అడగలేదు. చేతిలో సగం కోసిన రవ్వను పూర్తిగా కోసి, కడిగి, కవరులో వేసి ఎదురింటామెకు ఇచ్చింది. మోకాళ్ల మీద చేతులానించి లేచింది. బేసినులో నీళ్లు మోరీ కాల్వలో వంపి, సగం చేపలు అలాగే ఉండగానే ఆటో ఎక్కింది.  నేను గెలిచాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ సాయంత్రమే బబ్లూను గదిలో పెట్టి తలుపేశాను. ఇక బయటి తిండి తగలదు, పది రోజుల్లో కోలుకుంటాడనుకున్నాను. గురువారం గిన్నె వైపు రాలేదు. శుక్రవారం మంచం కిందికి దూరి గోడవైపు తిరిగి పడుకున్నాడు. శనివారం పొద్దున తువ్వాలులో చుట్టి మేడ్చల్ పరుగెత్తాను. "ఏమీ ముట్టట్లేదు డాక్టర్. చివరికి పాయ కూడా తాగట్లేదు" అన్నాను.

రాస్తున్న డాక్టరు చెయ్యి ఆగిపోయింది. "పాయనా?"

"బలానికి."

"ఎన్నాళ్ల నుంచి?"

"నెల అయింది."

"ఉప్పు వేశారా?"

"కొంచెం."

"వెల్లుల్లి?"

నేను బబ్లూ మీద తువ్వాలు సర్దాను. ఆయన కలం బల్ల మీద పెట్టి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎముకలు వద్దన్నాను మేడమ్, ఉప్పు వద్దన్నాను. వెల్లుల్లి పిల్లుల రక్తానికే చేటు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. బబ్లూకు సెలైన్ ఎక్కించి, వాంతి రాకుండా సూది వేశాడు. "రేపటి లోపల కొంచెమైనా తినాలి. తినకపోతే సోమవారం పొద్దున్నే తీసుకురండి, గొట్టం వేసి తిండి ఎక్కిద్దాం. ఈ నీరసంలో తట్టుకుంటాడని మాత్రం నేను మాటివ్వలేను."

ఆ రోజంతా వేలితో పెట్టాను, చెంచాతో పెట్టాను, బతిమాలాను, అరిచాను. పళ్లు బిగించి తల తిప్పుకున్నాడు. కాలేయం మాట గుర్తొచ్చి, చెవుల లోపలి చర్మం పసుపు తిరిగిందేమోనని గంటకోసారి వెలుతురుకు పట్టి చూశాను. ఆదివారం తెల్లవారగానే అతన్ని కూరగాయల బుట్టలో పెట్టుకుని శామీర్‌పేట ఆటో ఎక్కాను. ఏమీ తినకుండా చచ్చే కన్నా చేప తిని బతకనీ అనుకున్నాను. దారిపొడుగునా బుట్టలో చెయ్యి పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసుకుంటూనే ఉన్నాను.

చెరువు కట్ట మీద నలుగురు ఆడవాళ్లు చేపలు వేరుచేస్తున్నారు. ఆమె నన్ను చూసింది, చేతిపని ఆపలేదు. నేను ఎదురుగా చతికిలబడ్డాను.

"అవ్వా, తప్పు నాదే. నేనే పాయ కాసి పోసిన. నిన్ను ఊకెనే..."

"గదంత ఎందుకు? దొర తింటాండా లేదా, గది జెప్పు."

"మూడొద్దులాయె. ఏం తింటలేడు. ఒక్క శాప ముక్క ఇయ్యవ్వా. ఏదన్న తింటే సాలు."

ఆమె బుట్టలోకి వంగి చూసింది. బొటనవేలితో బబ్లూ పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది, చేప మొప్ప ఎత్తినట్టే. "డాక్టరు శాప ఒద్దన్నడా లేదా?" అంది.

"అన్నడు, గని..."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్? గా మందు బువ్వ తెచ్చినవా?"

సంచిలో ఉన్న డబ్బా తీసి ఇచ్చాను. చేపలు పక్కకు తోసి చెయ్యి చాపింది. పొలుసులంటిన చెయ్యి, జిగట ఆరని చెయ్యి. "చేతులు కడుక్కోవా?" అని నోరు జారాను.

"కడిగితే ఏముంటది నా చేతిల?" అంది.

ఆ తిండిని అరచేతిలో వేసుకుని గుప్పిట మూసింది. తన ఒంటి వేడి దానికి పట్టేదాకా అలాగే ఉంచి, పిసికి, వేళ్లకు పులిమి బుట్ట అంచు మీద చెయ్యి పెట్టింది. బబ్లూ తల తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి దగ్గరికి జరపలేదు, తీసెయ్యనూ లేదు. చెరువు వైపు చూస్తూ పక్కామెతో ఏదో వల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. "అటు తిరుగు. సూస్తుంటె తినడు" అంది నా వైపు చూడకుండానే. తిరిగాను. తిరిగానే గాని నా ప్రాణమంతా ఆ బుట్టలోనే ఉంది.

రెండోసారి వేళ్లు చేపల నీళ్లలో తడుపుకుని మళ్లీ పులిమింది. మళ్లీ తల తిప్పుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. మూడోసారి కూడా అంతే. నాకు ఓపిక చచ్చింది. "ఏం లాభం లేదవ్వా, ఇంత శాప పెట్టు, నీ కాళ్లు మొక్కుత" అన్నాను. ఆమె గొంతు తగ్గించి అంది. "తినెటోళ్లకు పెట్టుడు పెద్ద పనా బిడ్డా? తిననోళ్లకు పెట్టాలె. జర ఊకో."

నాలుగోసారికి ఆమె మాట్లాడటం ఆపేసింది. ఎందుకాపిందో అని తిరిగి చూశాను. బబ్లూ ముక్కు కదులుతోంది. మెడ సాచి ఆమె చిటికెనవేలు వాసన చూశాడు. నాలుక బయటికి వచ్చింది. ఒక వేలు నాకాడు, రెండో వేలు నాకాడు. వేళ్ల సందుల్లో ఇరుక్కున్నది కూడా వెతికి నాకాడు. చేప వాసన కోసం వచ్చి మందు తిండి తిన్నాడు. నేను బావురుమన్నాను.

"ఏడ్వకు, బెదుర్తడు" అంది. గుప్పిట మళ్లీ నింపుకుంటూ, నన్ను చూడకుండా, ఇంకో మాట కూడా చెప్పింది. "నువ్వు తిట్టింది మొత్తం ఉత్తగనే గాదు. ఒక్కపాలి తలకాయ ఏసిన. గా దినం వాన పడ్డది, తడిసి నా కాళ్లకు సుట్టుకున్నడు. మనసొప్పలే. గంతే, మల్ల ఏయలే."

సోమవారం గొట్టం అవసరం పడలేదు. ఆ వారమంతా రోజూ పొద్దున్నే ఆటోలో మా ఇంటికి వచ్చింది, వచ్చేముందు చేతులు కడుక్కోకుండా. ఆటోలో పక్కవాళ్లు ముక్కులు మూసుకుంటున్నారని చెప్పి నవ్వేది. ఎనిమిదో రోజు ఒక కవరులో బతికున్న చిన్న బొచ్చె చేపను తెచ్చి నా వంటింటి బకెట్టులో వేసింది.

"చెయ్యి పెట్టు."

"నా వల్ల గాదవ్వా."

"మేకకాళ్లు పొద్దంత ఉడకబెట్టొస్తది, శాపను ముట్టరాదా? నేనెన్నొద్దులు వస్త? పెట్టు."

పెట్టాను. చేప నా అరచేతిలో కొట్టుకుంది. రెండో చేత్తో ముక్కు మూసుకున్నాను, చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసింది. అప్పటి నుంచి నా చేత్తో నేనే పెట్టాను. తర్వాత సగం కడిగిన చెయ్యి, ఆ తర్వాత పూర్తిగా కడిగిన చెయ్యి, ఆ తర్వాత గిన్నె. డాక్టరు చెప్పిన ఆ రెండు వారాల ఓపికను ఆమె నాతో నెలన్నర చేయించింది. రెండు నెలలకు పరీక్షలో అంకెలు దిగాయి, ఆ తర్వాత మళ్లీ పెరగలేదు. ఆ సంగతి చెబితే అంకెల గురించి ఏమీ అడగలేదు. "తింటాండా?" అంది. ఏడాది పొడుగునా ఆదివారం ఆదివారం ఆమె అడిగింది ఆ ఒక్క మాటే.

చేపలమ్మడానికి మాత్రం మా వీధిలోకి రావడం మానేసి మూలమీద, రోడ్డు పక్కన కూర్చునేది. ఎందుకని అడిగితే, "ఆడ నీడ లేదు గద" అనేది. మా వీధి మొదట్లో వేపచెట్టుంది. మూలమీద ఏమీ లేదు, లారీల దుమ్ము తప్ప. నేను ఆ మాట నమ్మాను. నమ్మితే నాకు సుఖంగా ఉండింది.

నిన్న పాలప్యాకెట్టు పట్టుకుని వస్తుంటే ఎదురింటామె గేటు దగ్గర ముగ్గు వేస్తోంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. చేపలామె పోయిందని చెప్పాను.

"ఏ శాపలామె? మీ పిల్లికి ఏదో బెట్టి పానం మీదికి తెచ్చిందే, గామెనా? అయ్యో పాపం" అంది. ముగ్గు గిన్నె కింద పెట్టి లేచింది. "నిజం జెప్పాల్నంటె మేడమ్, గప్పట్సంది మా లైన్ల ఎవ్వరం ఆమెకాడ తీస్కోలే. శాపలల్ల ఏం కలుపుతదో అని మీరే అంటిరి గద. ఇంట్ల చిన్నపిల్లలాయె."

చేతిలో పాలప్యాకెట్టు చల్లగా కారుతోంది. నేను వీధి మధ్యలో నిలబడి అంతా చెప్పాను. పాయ సంగతి, వెల్లుల్లి సంగతి, చెరువు కట్ట, ఆమె చెయ్యి. గొంతు పెంచే చెప్పాను, ఇంకో ఇద్దరు గేట్ల దగ్గరికి వచ్చారు. ఖరాబు చేసింది నేను, బతికించింది ఆమె అన్నాను. ఎదురింటామె నోటి మీద చెయ్యి పెట్టుకుని వింది.

"అయ్యో, గట్లనా? మరి గీ ముచ్చట అప్పుడెందుకు జెప్పలే మేడమ్?"

 ఏ మాటకైనా ఎదురు ప్రశ్న వేసే మనిషి, ఏడాది పాటు ఆదివారం ఆదివారం నా ఎదుట కూర్చుని, ఈ ఒక్క ప్రశ్న మాత్రం నన్ను ఎన్నడూ అడగలేదు.